అడుగున ఉంచిన ఆముదం చుక్క

అరచేతిలో ఇమిడిపోయేంత దాన్ని నేను. గుండ్రటి పొట్ట, ఒక పక్కకు సాగిన ముక్కు. కంచుతో పోసిన ఉగ్గుగిన్నెను. ఇప్పటి పిల్లలకు నన్ను చూపిస్తే దీపపు కుంది అనుకుంటారు. నాలో దీపం ఏనాడూ వెలగలేదు. నెలల బిడ్డల నోట్లోకి ఆముదం, అరగదీసిన వస, వాము నీళ్ళు పోయడానికి పుట్టాను. ఎందరి నోళ్ళలో పోశానో లెక్క లేదు. వాళ్ళలో పెరిగి పెద్దవాళ్ళై వెదురు చీల్చుకుంటూ బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. పెరగనివాళ్ళూ ఉన్నారు. ఆ పెరగనివాళ్ళ వల్లే నాకు భయం అలవాటైంది.

వస్తువుకు భయమేమిటి అనుకోవచ్చు. కాళ్ళున్నవాడు పారిపోతాడు. నోరున్నవాడు అరుస్తాడు. ఏదీ లేనిదానికి భయపడటం ఒక్కటే మిగులుతుంది.

కొండ కింద మేదర వీధి మాది. ముప్పై నాలుగు గడపలు. తట్టలు, బుట్టలు, చేటలు అల్లి సంతకు మోసుకుపోయే జనం. ఆ వీధిలో పోలమ్మ అనే ఆవిడకు వరసగా ముగ్గురు పిల్లలు పుట్టి, ఏడాది నిండకుండా పోయారు. నాలుగోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ తను అన్నం తినే పగిలిన కంచు పళ్ళెం కొంగులో కట్టుకుని పక్క ఊరి కంచరి దగ్గరికి వెళ్ళింది. "ఉగ్గుగిన్ని పోసీయి బాబూ" అంది. ఎన్నో బిడ్డ అని కంచరి అడిగాడు. చెప్పింది. అతను పళ్ళెం అందుకున్నాడు. మన్ను ముద్ద మీద మైనంతో నా ఆకారం దిద్ది, పైన మళ్ళీ మన్ను మెత్తి, కొలిమిలో పెట్టాడు. మైనం కారిపోయింది. ఆ ఖాళీలోకి పళ్ళెం కరిగి దిగింది. ముక్కు మాత్రం మామూలు కంటే కొంచెం పొడుగు పెట్టాడు. పాపం, అతనికి చేతనైన సాయం అదే.

నాలుగో బిడ్డ ఆడపిల్ల. పుట్టగానే పక్కింటావిడకు అమ్మేసి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్నారు. పోయేవాళ్ళ లెక్కలోంచి బిడ్డను తప్పించడానికి మా వైపు అలా చేస్తారు. తవుడమ్మ అని పేరు పెట్టారు. రోజూ నాతోనే ఉగ్గు పోశారు. తవుడమ్మ బతికింది.

ఆ ఏడే వీధి చివర మెట్ల బావి పూడ్చేసి, చుట్టూ గట్టు కట్టిన కొత్త బావి తవ్వించారు. మెట్ల బావిలో గేదెలూ మనుషులూ ఒకే నీళ్ళలో దిగేవారు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. పేరంతా నాకొచ్చింది. కాస్త తవుడుకు దక్కింది.

"పోలమ్మ గిన్ని బిడ్డని నిలబెట్టీసింది" అన్నారు. ఇంటింటికీ నన్ను అడిగి పట్టుకెళ్ళడం మొదలైంది. మొదట తీసుకెళ్ళిన ఇల్లాలు మంచిది. లోపలా బయటా చింతపండుతో తోమి, ఎండబెట్టి, తళతళలాడుతూ తెచ్చి ఇచ్చింది. పోలమ్మ గుండె జారిపోయింది.

"వట్టి గిన్ని ఇచ్చెల్తావేటే? నా ఆడగుంట పొట్ట ఎండిపోవాలనేటి?"

మా వైపు ఎవరి గిన్నె అయినా వట్టిది తిరిగి ఇవ్వరు. చిటికెడు ఉప్పో, గుప్పెడు బియ్యమో వేసి ఇస్తారు. ఆ మర్యాద నా దగ్గరికి వచ్చేసరికి ఇంకో రూపు ఎత్తింది. ఉగ్గుగిన్నెను కడిగి ఇవ్వకూడదు. అడుగున ఆముదం చుక్క ఉంచి ఇవ్వాలి. లోపల కడిగితే నిలబెట్టే గుణం పోతుంది. పెద్దగా ఆలోచించి పెట్టిన నియమం కాదిది. బిడ్డలు పోయిన ఒక తల్లి బెదిరి అన్న మాట. ఆవిడ పోయాక కూడా మాట ఉండిపోయింది.

అప్పటినుంచి నా బయట బూడిదతో తోమారు, లోపల ఎవరూ ముట్టుకోలేదు. ఒక ఇంటి చుక్క మీద ఇంకో ఇంటి ఆముదం పడేది. దాని మీద ఇంకో ఇంటిది. లోపల పచ్చగా, జిగురుగా, పొర కట్టింది. బయట చూస్తే బంగారంలా ఉండేదాన్ని.

వానలు పడ్డ ప్రతిసారీ వీధిలో ఒకరిద్దరు పసివాళ్ళకు విరేచనాలు పట్టుకునేవి. ఒక్కోసారి తగ్గేవి. ఒక్కోసారి పాత బట్టలో చుట్టి కొండవైపు తీసుకెళ్ళేవారు. గాలి సోకిందన్నారు. దిష్టన్నారు. తల్లి నోరు కట్టుకోలేదన్నారు. నాలోకి తొంగి చూసినవాళ్ళు లేరు. అంతా నావల్లే అని నేను ప్రమాణం చేయలేను. ఈగలున్నాయి, నీళ్ళున్నాయి, చేతులున్నాయి. కానీ ప్రతి ఇంటా ఆఖరున ఆ నోటి దగ్గర ఉన్నది నేను.

తవుడమ్మ పెరిగింది. వీధిలోనే మేనమామ కొడుకును చేసుకుంది. పోలమ్మ తరవాత నేను ఆవిడ గూట్లోకి చేరాను. ఆవిడకు చదువు లేదు. జ్ఞాపకం మాత్రం గొప్పది. వీధిలో ఏ బిడ్డ ఏ వానకు పుట్టాడో, నేను ఏ ఇంటినుంచి ఏ ఇంటికి వెళ్ళానో, వెళ్ళి ఎన్నాళ్ళున్నానో ఆవిడకు నోటికి వచ్చు. పురుడు వస్తే ముందు ఆవిడనే పిలిచేవారు. నన్ను నడుం దగ్గర చీర రొంటిలో దోపుకుని బయలుదేరేది. బిడ్డ పుట్టిన ఇంటికి నేను లేకుండా వెళ్ళడం ఆవిడకు తెలియదు.

కొన్నేళ్ళకు ఆశా కార్యకర్త అని ఒక ఉద్యోగం వచ్చింది. ఆ వీధిలోనే పుట్టి ఆ వీధిలోనే మెట్టిన ఆదిలక్ష్మికి ఇచ్చారు. నెలకొక బుధవారం అంగన్‌వాడీ అరుగు మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టేది. వాళ్ళు వెదురు బద్దలు వెంట తెచ్చుకుని, అల్లుతూనే వినేవారు. తల మాత్రం బాగా ఊపేవారు. అంత బాగా తల ఊపే జనాన్ని నేను ఎక్కడా చూడలేదు.

"ఆరు నెలల దాకా తల్లిపాలే. ఆముదం ఒద్దు, తేనె ఒద్దు. నీల్లు కూడా ఒద్దు" అంది ఆదిలక్ష్మి ఒకసారి.

"ఎండల్లో గొంతెండిపోదేటే?" అంది ఒకావిడ.

"పాలల్లోనే నీల్లుంటాయొదినా."

"సారాలో కూడా నీల్లే ఉంటాయని మీ అన్న అంటాడులే" అంది గున్నమ్మ. తవుడమ్మ ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటుంది ఆవిడ. నోరు గట్టిది. అరుగంతా నవ్వింది. ఆదిలక్ష్మి కూడా నవ్వి, అందరికీ తలా ఒక సబ్బు పంచింది. పిల్లల ఒళ్ళు కడిగాక, అన్నం వండే ముందు, పెట్టే ముందు చేతులు రుద్దుకోవాలని చూపించింది. తల ఊపారు. సబ్బులు దూలాల మీదికి ఎక్కాయి. చుట్టాలు వచ్చినప్పుడు దిగేవి.

ఆ రోజే ఆదిలక్ష్మి తవుడమ్మ పక్కకు జరిగి మెల్లగా అడిగింది. "పెద్దత్తా, ఆ గిన్నిని ఒక్కపాలి మరగబెట్టి ఇచ్చినా సాలు కదా."

"నీ నోట్లో పోసింది కూడా ఇదేనే ఆదీ. సచ్చిపోనావేటి? మైకులాగ మాటాడతన్నావు."

మళ్ళీ నవ్వులు. ఆదిలక్ష్మి ఈసారి నవ్వలేదు. ఆమె మొదటి బిడ్డ నోట్లో పోసింది కూడా నేనే. ఆ బిడ్డ నాలుగు నెలలే బతికాడు. ఆమె ఆ మాట అనలేదు. నేను తవుడమ్మ రొంటిలో ఉండి వింటున్నాను.

తవుడమ్మ చిన్న కొడుకు కూర్మారావుకు నీలవేణి అనే పిల్లను చేశారు. కొండ అవతలి ఊరి పిల్ల, పదో తరగతి దాకా చదివింది. ఆసుపత్రిలో కాన్పయింది, మగబిడ్డ. పాలు తప్ప ఏదీ పట్టవద్దని అక్కడి నర్సమ్మ చెబితే, "అలగేనమ్మా" అని తవుడమ్మే ముందు తల ఊపింది. ఇంటికి వచ్చిన పూటే నన్ను గూట్లోంచి దించింది.

"నర్సమ్మ ఒద్దన్నాది కదత్తా" అంది నీలవేణి.

"నర్సమ్మొచ్చి నీ కొడుకుని పెంచుద్దేటి?"

ప్రతి మంగళవారం, శుక్రవారం ఆముదం పోసేది. పోసేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఆ బిడ్డంటే ఆవిడకు ప్రాణం. మనవడి నోట్లో నన్ను పెట్టిన క్షణాన ఆవిడ కళ్ళలో కనపడేది ప్రేమే, ఇంకేమీ కాదు. నన్ను భయపెట్టిందీ అదే. కోపంతో పట్టుకున్న చెయ్యి వణుకుతుంది, ఒలికిపోతుంది. ప్రేమతో పట్టుకున్న చెయ్యి వణకదు.

బిడ్డకు మూడో నెల. శ్రావణం. వారం రోజులు విడవకుండా వాన. బావి నీళ్ళు ఎర్రగా మారాయి. గున్నమ్మ చంటి ఆడపిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు కడిగితే పోతుందని ఆముదం పోయడానికి గున్నమ్మ నన్ను పట్టుకెళ్ళింది. కారిపోతున్న కడుపుకు ఇంకా కారే మందు. రెండు రోజులున్నాను ఆ ఇంట. ఆ పిల్ల ఏడుపు మొదటి రోజు గట్టిగా ఉంది. రెండో రోజు పిల్లి కూనలా ఉంది.

మూడో రోజు పొద్దున గున్నమ్మ పిల్ల ఒళ్ళు తుడిచి, ఆ చెయ్యి కొంగుకు రాసుకుని, అదే చేత్తో నన్ను తీసింది. అడుగున చుక్క ఉందా లేదా అని చూసింది. లేదు. నాలుగు చుక్కలు వంచి, బొటనవేలితో లోపలంతా రాసింది. మర్యాద తప్పకూడదు కదా. తెచ్చి తవుడమ్మ చేతిలో పెట్టింది. ఆ రోజు శుక్రవారం.

నాలో ఏముందో నాకు తెలుసు. తెలిసి గూట్లో కూర్చున్నాను. బయట వాన. లోపల నీలవేణి బిడ్డకు పాలిచ్చి పడుకోబెట్టింది. వాడు తృప్తిగా కాలు ఆడిస్తున్నాడు. తవుడమ్మ ఆముదం బుడ్డి అందుకుంది. ఆ చుక్క మీద ఆముదం పడింది. వస అరగదీసి కలిపింది. బిడ్డను కాళ్ళ మీద వేసుకుంది.

ఆవిడ వేళ్ళకు జిడ్డుంది. నేను జారాను. ఎలా జారానో నాకే తెలియదు, అలాంటి బలం నాకెప్పుడూ లేదు. చాప మీద పడి దొర్లాను. సగం ఒలికిపోయింది.

"అయ్యో తల్లీ" అని తవుడమ్మ నన్ను ఎత్తి కళ్ళకద్దుకుంది. మిగిలిన సగం వాడి నోట్లో పోసింది. నా ముక్కు వాడి చిగుళ్ళకు తగిలింది. చప్పరించాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి మొదలైంది. సాయంత్రానికి పన్నెండుసార్లు. పాలు తాగించిన వెంటనే పోతున్నాయి గనక పాలే కారణమని తవుడమ్మ తేల్చింది. తల్లి పాలు వేడి చేశాయంది. రొమ్ము ఇవ్వవద్దంది. నీలవేణికి వెల్లుల్లి కారంతో వట్టి అన్నం పెట్టింది. నీళ్ళు తాగిస్తే నీళ్ళలాగే పోతుందని బిడ్డకు నీటిచుక్క కూడా ముట్టనివ్వలేదు. ఇంకోసారి నన్ను దించింది.

రెండో రోజుకు బిడ్డ మాడు గుంట పడింది. గుంటలో ఆముదం పెట్టి, పైన ఆకు వేసింది. నీలవేణి గోడకు ఆనుకుని కూర్చుంది. రవిక ముందంతా పాలు కారి తడిసిపోయింది. ఎదురుగా బిడ్డ నాలుక ఎండి, పెదవులు అంటుకుపోయి ఉన్నాడు. ఒక ఒంట్లోంచి కారిపోతోంది. ఇంకో ఒళ్ళు ఎండిపోతోంది. మధ్య రెండు మూరల దూరం. ఆ దూరంలో తవుడమ్మ కూర్చుని ఉంది.

"ఒక్కపాలి ఇచ్చీనా అత్తా?"

"సంపీమంటావేటి నా సేత?"

కూర్మారావు వెదురు కోసం కొండ మీదికి వెళ్ళి మూడు రోజులైంది. వాగు పొంగి అక్కడే ఆగిపోయాడు. మూడో రోజు మధ్యాహ్నానికి బిడ్డ ఏడవడం మానేశాడు. ఏడుపు మానేశాడని తవుడమ్మ సంతోషించింది. "కునుకు పట్టింది, తగ్గినట్టే" అంది. ఆ మాట నేను చాలా ఇళ్ళలో విన్నాను. ఆ మాట తరవాత ఏం జరిగేదో కూడా చూశాను.

అప్పుడు గొడుగు మూస్తూ ఆదిలక్ష్మి లోపలికి వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బురద. పొద్దున్నే గున్నమ్మ పిల్లను ఆసుపత్రిలో చేర్పించి, అటునుంచి అటే ఇల్లిల్లూ తిరుగుతోంది. బిడ్డను చూడగానే గొడుగు కింద పడేసింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. మడత అలాగే నిలబడి, మెల్లగా సర్దుకుంది.

"ఒంటికెప్పుడెల్లినాడు?"

"పొద్దుట్నించి తడపనేదక్కా" అంది నీలవేణి.

"పాలిస్తన్నావా?"

నీలవేణి అత్తవైపు చూసింది.

"నాను మాన్పించినాను" అంది తవుడమ్మ. "నువ్వు పాఠం సెప్పకు ఆదీ. నానిలాటివి శానా సూసినాను."

"గున్నమ్మొదిన పాపకి సెలైను ఎక్కిస్తన్నారు పెద్దత్తా. ఆ పిల్లకున్నదే ఈడికీ ఉన్నాది. ఈడు గడప దాటనేదు కదా. ఎలాగొచ్చినాది?"

చూరు నీళ్ళ చప్పుడు. నీలవేణి చెయ్యెత్తి గూటివైపు చూపించింది. "గిన్ని" అంది.

"గిన్నేటి సేసింది?" తవుడమ్మ గొంతు లేచింది. "తల్లిలాటి గిన్నిని అంటావేటే?"

ఆదిలక్ష్మి నన్ను తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి వెళ్ళింది. వేలు లోపల పెట్టి తిప్పింది. నా బతుకులో లోపల పరీక్షించి చూసిన మొదటి మనిషి ఆమె. పచ్చగా, గోధుమరంగులో వేలికి అంటింది. వాసన చూసింది. ఆ వేలు తెచ్చి తవుడమ్మ ముక్కు దగ్గర పెట్టింది. ఆవిడ మొహం తిప్పుకుంది.

"నానేటీ అనను పెద్దత్తా. నువ్వే సెప్పు. గున్నమ్మింటికి ముందు ఇదేవలింట ఉన్నాది?"

"సిమ్మాద్రి ఇంట."

"ఆళ్ళ పిల్లకేటైనాది?"

"వాంతులైనాయి. తగ్గిపోనాయి."

"అంతకు ముందు?"

"ఎర్రన్న కోడలు పట్టుకెల్లింది. ఆ పిల్లడు..." తవుడమ్మ ఆగింది. "పోనాడు."

ఆదిలక్ష్మి ఆ పైన అడగలేదు. అడగనక్కరలేదు. ఆవిడ జ్ఞాపకం తలుపు తెరుచుకుంది, ఇక దాన్ని మూయడం ఆవిడ వల్ల కాదు. "పోయినేటి వానలకి బంగారి కూతురు. దానికి ముందు ఆళ్ళ తోడికోడలి పిల్ల. ఆ ఇంట్నించే బంగారి ఇంటికెల్లినాది. అంతకు ముందు..." పెదవులు ఆడుతున్నాయి. వేళ్ళు చాప మీద ఇల్లిల్లూ తడుముతున్నాయి. నేను తిరిగిన దారంతా ఆవిడ నోట వినబడుతోంది, ఆవిడే తన చేత్తో పంపిన దారి. "అంతకు ముందు తొలికాన్పుకి నీ..."

మాట అక్కడ తెగిపోయింది. నన్ను పట్టుకున్న ఆదిలక్ష్మి చెయ్యి కిందికి దిగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"అయ్యిప్పుడొద్దు పెద్దత్తా" అంది ఆదిలక్ష్మి చివరికి. "ఈడింకా ఉన్నాడు. ఎత్తు."

తవుడమ్మ బిడ్డను ఎత్తి, తనే నీలవేణి ఒళ్ళో పెట్టింది. "రొమ్మియ్యే నీలా. నాకేసి సూడకు. ఇయ్యి."

వాడు పట్టుకోలేకపోయాడు. నీలవేణి పిండి చుక్కలు నోట్లో పడేసింది. నాలుగో చుక్కకు గుటక వేశాడు. ఈలోపు ఆదిలక్ష్మి తను వెంట తెచ్చుకున్న కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలో ఉప్పు పంచదార ప్యాకెట్టు మొత్తం పోసి ఊపింది. "లీటరు నీల్లకి ఒక ప్యాకెట్టు. గ్లాసుడు నీల్లల్లో కలిపీసినా ముప్పే, సగం పోసి సగం దాసినా ముప్పే" అంటూనే ఉంది. ధైర్యం కోసం పాఠం అప్పచెప్పుకుంటోంది. తరవాత అంబులెన్సుకు ఫోను చేసింది. బండి వాగు అవతల ఉందన్నారు. బుట్టలు సంతకు వేసుకెళ్ళే ఆటోను పిలిచారు.

బయలుదేరేటప్పుడు తవుడమ్మ నన్ను రొంటిలో దోపుకుంది. ఆలోచించి చేసింది కాదు. చెయ్యి అలవాటు.

ఆ దారి నాకు కనబడలేదు. మాటలు మాత్రం వినబడ్డాయి. ప్రతి గుంటకూ ఆవిడ "ఉన్నాడా?" అని అడిగేది. "ఉన్నాడు" అని నీలవేణి అనేది. ఒక చోట అడిగాక జవాబు రాలేదు. ఆటో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. నా లోపలి పొర గడ్డకట్టినట్టనిపించింది. తరవాత "గుటకేసినాడు" అంది నీలవేణి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసింది. "మింగుతున్నాడు కాబట్టి నోటితోనే పోద్దాం. కొద్దికొద్దిగా, ఆపకుండా. మధ్యలో తల్లి పాలివ్వాలి. గంట చూస్తాను. మింగడం మానేస్తే సెలైను పెట్టి పెద్దాసుపత్రికి పంపేస్తాను" అంది. నర్సమ్మ చెంచాతో పోసింది. చెంచా వెడల్పు, నోరు చిన్నది. సగం బుగ్గ మీదుగా కారిపోతోంది. ముక్కున్న స్టీలు గిన్నె ఒకటుంది గాని అది తక్కువ బరువుతో పుట్టిన ఇంకో బిడ్డ దగ్గరుంది.

"ముక్కున్నదేదైనా ఉంటే బాగుండేది" అంది నర్సమ్మ తనలో తను.

తవుడమ్మ చెయ్యి రొంటికి పోయింది. నన్ను సగం తీసింది. మళ్ళీ లోపలికి తోసేసి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"ఏమిటమ్మా అది?"

"ఏటీ నేదమ్మా."

"చూపించండి."

నర్సమ్మ నన్ను వెలుగుకు ఎత్తి పట్టి, మొహం చిట్లించింది. "కడిగి ఎన్నాళ్ళయింది?"

"కడగనేదమ్మా."

"ఎన్నాళ్ళుగా?"

"ఎప్పుడూ."

ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకు ఎంత బలం కావాలో నాకు తెలుసు. నర్సమ్మ తిట్టలేదు. ఆయాను పిలిచింది. చింతపండు, సబ్బు, కొబ్బరి పీచు. ముక్కు లోపల పుల్ల పెట్టి గీకారు. వానల వెనక వానలుగా పేరుకున్న పొర పెచ్చులుగా రాలింది. తరవాత సలసల కాగే నీళ్ళలో వేశారు. ఇరవై నిమిషాలు. కొలిమి తరవాత అంత వేడి నేను ఎరగను. అప్పుడు కూడా నా భయం నా గురించి కాదు. ఈ ఇరవై నిమిషాలు వాడు ఆగుతాడా అని. చెంచాతో పోస్తూనే ఉన్నారు, కారిపోతూనే ఉంది.

చల్లార్చి నింపారు. నర్సమ్మ సబ్బుతో చేతులు రుద్దుకుని, తవుడమ్మను చూసి, "మీరు పోస్తారా? అలవాటు కదా" అంది.

"నాను ముట్టను" అంది తవుడమ్మ.

నీలవేణి చేతులు కడుక్కుని పోసింది. నా ముక్కు మళ్ళీ ఆ చిగుళ్ళకు తగిలింది. ఈసారి నాలో ఏముందో నాకు తెలుసు. నీళ్ళు, ఉప్పు, తీపి. అంతే. అయినా నమ్మలేకపోయాను. ఒక చుక్క. గుటక. ఒక చుక్క. నోరు కదలలేదు. నీలవేణి ఆగి, బుగ్గ మీద వేలితో రాసింది. గుటక.

గంట గడిచింది. డాక్టరమ్మ వచ్చి చర్మం పట్టి వదిలింది. "ఇంకొంచెం చూద్దాం" అని వెళ్ళిపోయింది. ఆ ఇంకొంచెం ఎంతో ఎవరూ చెప్పలేదు. నీలవేణి కళ్ళు మూతలు పడుతుంటే బిడ్డను తవుడమ్మ ఒళ్ళో వేశారు. ఆవిడ కదలకుండా, చేతులు వాడికి తగలకుండా గాలిలో పట్టుకుని కూర్చుంది. సొంత చేతులంటే అంత భయం పట్టుకుంది ఆవిడకు.

ఉన్నట్టుండి ఒళ్ళు చూసుకుంది.

"ఒలె నీలా! తడిపినాడే! సీర తడిపీసినాడే!"

ఆ అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది. పక్క మంచం ఆవిడ నవ్వింది. నర్సమ్మ పరుగెత్తుకు వచ్చి, తడి చూసి, నిట్టూర్చింది. తవుడమ్మ ఆ తడి చీర మార్చుకోలేదు. తెల్లవారేదాకా అలాగే కూర్చుంది.

మూడో రోజు పంపించారు. జింకు బిళ్ళ సగం, తల్లిపాలలో కరిగించి, రోజుకొకసారి, పద్నాలుగు రోజులు, విరేచనాలు తగ్గినా మానకూడదని నర్సమ్మ చెప్పింది. తవుడమ్మ తల ఊపలేదు. "ఇంకోపాలి సెప్పమ్మా" అంది. మళ్ళీ చెప్పించుకుంది. తిరిగి తను అప్పచెప్పింది. తరవాత నన్ను బల్ల మీద పెట్టింది.

"ఇది మా ఈదికి రాకూడదమ్మా. ఎవలొచ్చి అడిగినా ఇవ్వకండి. నానొచ్చి అడిగినా ఇవ్వకండి."

అలా నేను ఇక్కడ ఉండిపోయాను. రొమ్ము చప్పరించే బలం లేని చిన్న బిడ్డలకు తల్లిపాలు పిండి నాతో పోస్తారు. పోసిన ప్రతిసారీ మరిగిస్తారు. గున్నమ్మ పిల్ల కూడా బతికి ఇల్లు చేరిందని, తవుడమ్మ ముప్పై నాలుగు గడపలూ ఎక్కి తను పంపిన గిన్నె సంగతి తన నోటితోనే చెప్పిందని ఆదిలక్ష్మి ఇక్కడ చెబుతుంటే విన్నాను. కొందరు ఆవిడను తిట్టారట. ఒక ఇంట తలుపు వేసుకున్నారట. ఇంకొందరు మాత్రం నమ్మలేదట. గిన్నె ఆసుపత్రివాళ్ళు కాజేశారని అన్నారట.

కార్తికంలో ఒక ఉదయం తవుడమ్మ వచ్చింది. ఒంటరిగా. వీధిలో ఎవరికో పురుడొచ్చిందట, బిడ్డ నీరసంగా ఉన్నాడట. ఇంటివాళ్ళు ఆవిడ కాళ్ళా వేళ్ళా పడి, ఆ గిన్నె ఎలాగైనా తెచ్చి పెట్టమన్నారట. ఇదంతా ఆవిడ గుమ్మంలో నిలబడి నర్సమ్మకు చెబుతూ, నన్నే చూస్తోంది. మాట్లాడుతూనే రెండడుగులు వేసింది. చెయ్యి బల్ల దాకా వచ్చింది. ఆ చెయ్యి నాకు తెలుసు. వణకని చెయ్యి. నాకు లోపలంతా చల్లబడిపోయింది.

"ఏం కావాలమ్మా?" అంది నర్సమ్మ.

తవుడమ్మ వేళ్ళు నా అంచుకు బెత్తెడు దూరంలో ఆగాయి. ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది.

"ఆ బిడ్డని ఇక్కడికి తెమ్మని సెప్తాను. ఆటో ఉన్నాది" అంది. వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఆ బిడ్డ వచ్చాడు. తవుడమ్మ రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాకూడదనే నేను కోరుకుంటున్నాను. నన్ను ఇన్నేళ్ళు కళ్ళకద్దుకున్న మనిషి. అయినా అదే కోరుకుంటున్నాను.